ఒకే వంటిల్లు... నాలుగు తాళాలు

జర్మనీలో చదివే మన పిల్లలు ఎవరితో ఉంటున్నారు? ఎలా ఉంటున్నారు?

ఆయన గుంటూరు మెట్టప్రాంతంలో నాలుగెకరాల రైతు. రెండెకరాలు మిర్చి, రెండెకరాలు పత్తి. ఒక్కతే కూతురు. ఇక్కడ ఇంజనీరింగు పూర్తిచేసి పైచదువుకు జర్మనీ వెళ్లి ఏడాది దాటింది. ఆదివారం రాత్రి భోజనాలయ్యాక ఆయనా, ఆయన భార్యా మంచం మీద పక్కపక్కన కూర్చుని ఫోనులో పిల్ల మొహం చూసుకోవడం ఆ ఇంట్లో ఆనవాయితీ.

మొన్న కార్తీకమాసంలో ఓ ఆదివారం అలాగే మాట్లాడుతున్నారు. పిల్ల వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. వెనకాల తలుపు తెరుచుకుంది. ఆరడుగుల తెల్లకుర్రాడు, నిక్కరు వేసుకుని, ఖాళీ గ్లాసుతో లోపలికొచ్చాడు. ఫ్రిజ్ తీశాడు. పాలు పోసుకున్నాడు. వెళ్లిపోయాడు. అంతా కలిసి పది సెకన్లు.

"ఎవరమ్మా ఆ అబ్బాయి?" అంది తల్లి.

ఫోను ఆగిపోయింది. సిగ్నల్ లేదని తర్వాత మెసేజీ వచ్చింది. మూడు రోజులు పిల్ల మళ్లీ ఫోను చెయ్యలేదు.

నాలుగోరోజు తెల్లవారేసరికి ఆయన మా అరుగు మీద ఉన్నాడు. మాది ఒకే ఊరు. నాకు వరసకు అన్న అవుతాడు. "తమ్ముడూ, నువ్వు పేపరువాడివి, నాలుగూళ్లు తిరుగుతావు. ఆ దేశంలో ఆడపిల్లలకు వేరే హాస్టళ్లుండవా?" అనడిగాడు. మొహంలో కోపం లేదు. నిద్రలేని కళ్లు. "దానికి నరసరావుపేట నుంచి సంబంధం వచ్చింది. సంక్రాంతి వెళ్లాక మాట్లాడుకుందామన్నారు. ఈ సంగతి వాళ్ల చెవిన పడితే?" అన్నాడు.

పిల్లను వెనక్కి రమ్మందామంటే పొలం కాగితాలు బ్యాంకులో ఉన్నాయి. జర్మనీ వీసాకు ఏడాది ఖర్చు ముందే ఒక ఖాతాలో వేసి చూపించాలి. 2024 సెప్టెంబరు నుంచి ఆ మొత్తం 11,904 యూరోలు. మన డబ్బులో పదకొండు, పన్నెండు లక్షలు. అదీ ఒకేసారి చేతికివ్వరు. నెలకు 992 యూరోల చొప్పున వదులుతారు. అక్కడ చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేని మాట నిజమే గానీ అద్దె, తిండి, ఇన్సూరెన్సు అన్నీ ఆ 992లోనే వెళ్లాలి. మధ్యలో వచ్చేస్తే అప్పు మిగులుతుంది, డిగ్రీ మిగలదు.

ఈ గుబులు ఒక్క మా అన్నదే కాదు. జర్మనీలో చదివే విదేశీ విద్యార్థుల్లో 2022-23 నుంచి మన దేశం వాళ్లదే మొదటి స్థానం. అంతకు ముందు చైనా వాళ్లు ఉండేవారు. 2024-25 నాటికి మనవాళ్లు అరవై వేలకు దగ్గరయ్యారు. మన జిల్లాలో ఇప్పుడు ఏ ఊరికి వెళ్లినా జర్మనీలో పిల్లలున్న ఇల్లు ఒకటైనా తగులుతోంది.

ఆ రాత్రే అమ్మాయికి ఫోను చేశాను. "బాబాయ్, నాన్న కోప్పడ్డాడా?" అన్నది మొదటి మాట. తర్వాత గంటన్నరసేపు మాట్లాడింది. అక్కడే చదివే మరో ఇద్దరు మన పిల్లలనూ అడిగాను. పేర్లు రాయడం లేదు. సంగతులు రాస్తున్నాను.

కలిసి ఉంటారు, ఒకటై కాదు

ఆ అమ్మాయి ఉండేది హనోవర్ నగరంలో. పాతకాలపు మేడలో మూడో అంతస్తు. నాలుగు గదులు, ఒక వంటిల్లు, ఒక స్నానాలగది, మధ్యన నడవా. గదికి ఒకరు చొప్పున నలుగురు. ఇద్దరు ఆడ, ఇద్దరు మగ. పాలు పోసుకుపోయిన కుర్రాడు తోటల పెంపకం చదువుతున్నాడు. రెండో అతనిది ఇంజనీరింగు. ఇద్దరూ ఆ దేశంవాళ్లే. రెండో అమ్మాయిది స్పెయిన్. ఒక్కో గదికి ఒక్కో తాళం. ఎవరి తాళంచెవి వాళ్ల దగ్గరే.

ఇలాంటి ఇంటిని వాళ్లు 'వోన్‌గెమైన్‌షాఫ్ట్' అంటారు. అంత పొడుగుమాట ప్రతిసారీ పలకలేక కాబోలు, పొడి అక్షరాల్లో 'వే గే' అని సరిపెట్టుకుంటారు. బస కలిసి పంచుకోవడం అని అర్థం. మన దగ్గర ఈ మాట చెవిన పడగానే 'సహజీవనం' అనేస్తారు. అది వేరు, ఇది వేరు. రాత్రంతా రైల్లో ఒకే పెట్టెలో ప్రయాణం చేసినంత మాత్రాన ఎదుటి బెర్తువాళ్లు మనకు చుట్టాలైపోరు కదా.

ఆడపిల్లలు ఒకచోట, మగపిల్లలు ఒకచోట ఉండొచ్చు కదా అంటే, ఉండొచ్చు. ఆడపిల్లలు మాత్రమే ఉండే వే గేలు కూడా ఉన్నాయి. ప్రకటనలోనే ఆ మాట రాస్తారు. కానీ అవి తక్కువ. విద్యార్థుల సంక్షేమ సంస్థలు నడిపే హాస్టళ్లున్నాయి. అద్దె తక్కువ కాబట్టి చాలా నగరాల్లో నెలల తరబడి వరస. ఆ హాస్టళ్లలోనూ చాలాచోట్ల ఒకే వాటాలో ఆడామగా కలిసే ఉంటారు. తలుపు తాళమే అక్కడ హద్దు. గేటుకు వార్డెను ఉండదు.

అసలు కారణం అద్దె. నాలుగు గదుల ఇంట్లో ఒకరు ఖాళీచేస్తే ఆ గది అద్దె కట్టే మనిషి వెంటనే కావాలి. ఆడా మగా అని కూర్చుంటే మిగతా ముగ్గురి నెత్తిన పడుతుంది. ఈ అమ్మాయి గదికి నెలకు 420 యూరోలు కడుతోంది. ఒక్కతే ఉండేటట్టు చిన్న వాటా తీసుకోవాలంటే వచ్చే 992లో తిండికి మిగిలేది చూసుకోనక్కర్లేదు.

వాళ్ల తాతలకూ గిట్టలేదు

'వాళ్ల దేశం తీరే అంత' అంటాం మనం. ఇదివరకు అలా లేదు. పశ్చిమ జర్మనీలో పెళ్లికాని ఆడామగా ఒకచోట రాత్రి గడపడానికి గది ఇస్తే ఇంటి యజమానికి జైలు పడే చట్టం ఉండేది. నిశ్చితార్థం అయిన జంట విషయంలో కూడా తప్పు తప్పేనని 1954లో అక్కడి పై కోర్టు తేల్చింది. అందుకని కాలేజీ కుర్రాళ్లకు గదులిచ్చే ముసలమ్మలు, రాత్రి పది దాటాక ఆడవాళ్లెవరూ గదిలో ఉండకూడదని షరతు పెట్టేవారు. ఆ చట్టాన్ని 1969లో సడలించారు. 1973లో దాదాపు ఎత్తేశారు.

ఈలోపు 1967 జనవరిలో పశ్చిమ బెర్లిన్‌లో కొందరు కుర్రకారు 'కొమ్యూన్-1' అని పేరుపెట్టి ఒక ఇంట్లో చేరారు. కుటుంబమే వద్దన్నారు. నీది నాది అనేది లేదన్నారు. పత్రికలు గగ్గోలుపెట్టాయి. ఇక దేశం పాడైపోయినట్టేనని పెద్దలు తలలు పట్టుకున్నారు. మూడేళ్లు నిండకుండానే ఆ ఇల్లు చెదిరిపోయింది.

మిగిలింది ఏమిటంటే, పెద్ద ఇల్లు నలుగురు కలిసి తీసుకుంటే అద్దె కలిసొస్తుందన్న సంగతి. తర్వాత వచ్చిన విద్యార్థులు సిద్ధాంతాలు పక్కనపెట్టి ఆ ఒక్క ముక్క పట్టుకున్నారు. 1975 జనవరి 1న మేజరు వయసు 21 నుంచి 18కి దిగింది. దాంతో పంతొమ్మిదేళ్ల పిల్ల తండ్రి సంతకం లేకుండానే అద్దె కాగితం రాసుకోగలిగింది. ఇప్పుడు వే గే అంటే అక్కడి తల్లిదండ్రులు తొణకరు బెణకరు. చాలామంది తమ కాలంలో వాళ్లూ అలాంటి ఇళ్లలో గిన్నెలు తోమినవాళ్లే.

వంటింటి పంచాయితీ

ఈ ఇంట్లో గది దొరకడం సులువు కాదు. ముందు నలభై యాభై ఉత్తరాలు పెట్టాలి. అయిదారు చోట్ల రమ్మంటారు. అప్పటికే ఉంటున్నవాళ్లు వంటింట్లో బల్ల చుట్టూ కూర్చుని ప్రశ్నలడుగుతారు. సిగరెట్టు తాగుతావా? మాంసం వండుతావా? పొద్దున ఎన్నింటికి లేస్తావు? ఎన్నాళ్లుంటావు? ఒక్క మాటలో పెళ్లిచూపులు. "అయితే బాబాయ్, ఇక్కడ పాట పాడమనరు. గిన్నెలు ఎవరు తోముతారని అడుగుతారు" అని నవ్విందా అమ్మాయి. వాళ్లలో ఒక్కరికి నచ్చకపోయినా గది రాదు.

చేరాక చట్టాలు మొదలు. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంటుంది. ఈ వారం వంటిల్లు ఎవరు కడగాలి, స్నానాలగది ఎవరు, చెత్త ఎవరు. కాగితాలు ఒక డబ్బాలో, ప్లాస్టిక్కు మరోదాన్లో, కూరగాయల తొక్కలు ఇంకోదాన్లో వెయ్యాలి. కలిపేస్తే పంచాయితీయే. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా చప్పుడు పనికిరాదు. ఆదివారం రోజంతా అంతే. మేకు కొట్టినా కింది వాటావాళ్లు పైకొస్తారు.

అన్నట్టు, స్నానాలగదిలో మగవాళ్లకు ఒక నియమం ఉంది. మూత్రానికైనా సరే, వాళ్లూ కూర్చోవాల్సిందే. గోడమీద బొమ్మ వేసి మరీ అంటించారట. కడిగే వంతు అందరికీ వస్తుంది కాబట్టి ఆడపిల్లలు పట్టుబట్టి సాధించిన చట్టం ఇది. చాలా ఇళ్లలో ఉందట. మా వదినకు ఈ సంగతి చెప్తే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాలుగు రోజుల్లో ఆవిడ నవ్వడం అదే మొదలు.

మన పిల్లల వల్ల వాళ్లు పడే బాధలూ ఉన్నాయి. పప్పుకు తాలింపు వేస్తే నడవాలో పైకప్పుకున్న పొగ గంట గీపెడుతుంది. మొదటి వారంలో ఈ అమ్మాయి మూడుసార్లు ఇల్లంతా లేపింది. ఇప్పుడు పోపు పెట్టే ముందు కిటికీ తెరిచి, వంటింటి తలుపు మూసి, "పోపూ!" అని అరుస్తుంది. ఆ మాట ఇప్పుడు నలుగురికీ వచ్చు.

డబ్బు లెక్కలు పైసాతో సహా ఉంటాయి. అక్కడ రేడియో, టీవీల చందా ప్రతి ఇంటికీ తప్పనిసరి. నెలకు 18.36 యూరోలు. అది మనిషికి కాదు, ఇంటికి. అందుకని నాలుగో వంతు 4.59 ఒక్కొక్కరూ వేసుకుంటారు. ప్లాస్టిక్కు సీసా తిరిగిస్తే దుకాణంలో 25 సెంట్లు వెనక్కిస్తారు. సీసాల డబ్బు ఉప్పుకు, సబ్బుకు. అందరూ కలిసి వండుకుతినే వే గేలున్నాయి, ఎవరి చట్టి వాళ్లదే అనే వే గేలూ ఉన్నాయి. వీళ్లది మధ్యరకం. వారానికి ఒక రాత్రి మాత్రం కలిసి తింటారు.

పోయిన 840 యూరోలు

ఇంతవరకు నవ్వుతూ చెప్పిన అమ్మాయి ఇక్కడికొచ్చేసరికి ఆగింది. "ఇది నాన్నకు తెలీదు బాబాయ్" అంది.

వెళ్లిన కొత్తల్లో గది దొరకలేదు. ఎవరో ఇంటి ఓనరునంటూ రాశాడు. తాను వేరే దేశంలో ఉద్యోగంలో ఉన్నాననీ, రెండు నెలల అద్దె ముందు పంపితే తాళంచెవి పోస్టులో పంపుతాననీ అన్నాడు. ఫొటోలు చక్కగా ఉన్నాయి. ఒంటరి వాటా, ఎవరితో పంచుకోనక్కర్లేదు. నాన్నకు చెప్పుకోవడానికి బాగుంటుందని ఈ పిల్ల ఆశపడింది. 840 యూరోలు పంపింది. తాళంచెవి రాలేదు. అసలు ఆ ఇల్లే అతనిది కాదు. పోలీసులు ఫిర్యాదు రాసుకున్నారు. డబ్బు రాలేదు.

ఇంటికి ఏమని చెప్పింది? లాప్‌టాప్ చెడిపోయిందని. అప్పుడు మా అన్న కోల్డ్ స్టోరేజీలో దాచిన మిర్చి పన్నెండు టిక్కీలు, ధర లేని రోజుల్లో అమ్మి డబ్బు పంపాడు. ఆ సంగతి నాకు తెలుసు. టిక్కీలు లారీకెత్తిన రోజు నేనక్కడే ఉన్నాను.

గది లేని ఆ మూడు వారాలు ఆ పిల్ల ఎక్కడుంది? మన తెలుగు పిల్లల దగ్గరే. ఒక గది, ఒక వంటిల్లు. ముగ్గురు కుర్రాళ్లు, ఇద్దరు ఆడపిల్లలు. కుర్రాళ్లు వంటింట్లో పడుకుని గది ఆడపిల్లలకు ఇచ్చారు. బంగారంలాంటి పిల్లలని చెప్పింది. అయితే ఆ గది తలుపుకు తాళంచెవి లేదు. ఆ ఇంటి కాగితాల్లో ఈ పిల్ల పేరూ లేదు. ఓనరుకు తెలిస్తే అయిదుగురూ రోడ్డు మీదే. ఆ రోజుల్లో ఇంట్లో అడిగితే 'మనవాళ్ల దగ్గరే ఉన్నా' అని చెప్పింది. ఇక్కడ అందరూ హమ్మయ్య అనుకున్నారు. తాళం ఉన్న గదిలోకి మారాకే అందరికీ నిద్రపోయింది.

నా మాట అడిగితే, అడ్రసు దాచే పిల్ల గురించే భయపడాలి. ఆ 840 యూరోలు పట్టుకుపోయినవాడికి దారి ఇచ్చింది ఇంటి భయమే. అదే అమ్మాయి ముందురోజు తండ్రితో, 'నాన్నా, ఇలా అడుగుతున్నాడు, పంపనా?' అని ఒక్క మాట అడిగి ఉంటే? మా అన్న జర్మనీ చూడలేదు గానీ చూడని పొలానికి బయానా ఇచ్చే రకం కాదు.

ఇక్కడ మాత్రం?

మన దగ్గర ఆడపిల్లల హాస్టలు గేటు చీకటిపడే వేళకు మూస్తారు. టౌనులో ఇల్లు కావాలంటే 'ఫ్యామిలీలకు మాత్రమే' అని బోర్డు. ఆ గేటు వేళల మీద 2015లో ఢిల్లీ కాలేజీ ఆడపిల్లలు ఆందోళన చేశారు. ఢిల్లీలోనే జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో కొన్ని హాస్టళ్లు ఆడపిల్లలకు ఒక పక్క, మగపిల్లలకు ఒక పక్కగా ఉన్నాయి. మేజర్లయిన ఆడామగా కలిసి ఉండటం నేరం కాదని మన సుప్రీంకోర్టు కూడా 2010లో చెప్పింది. కోర్టు చెప్పింది సరే, సంబంధం చూసేవాళ్లు చెప్పాలి కదా అంటాడు మా అన్న. ఆయన మాటనీ కొట్టిపారెయ్యలేం.

అన్ని వే గేలూ ఈ ఇంటిలాగే ఉంటాయనీ నేను రాయను. నేను మాట్లాడిన మరో అమ్మాయికి వేరే అనుభవం. ఆమె ఇంట్లో ఒకడు రోజూ స్నేహితుల్ని పోగేసి రెండు దాకా తాగుడు. మామూలు అద్దె అగ్రిమెంటయితే ఖాళీ చెయ్యడానికి మూడు నెలల ముందు నోటీసివ్వాలి. ఆ మూడు నెలలూ చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంది. ఆమె ఇప్పుడు ఆడపిల్లల వే గేలో ఉంది. అక్కడ నిద్ర బాగానే పడుతోందట. గిన్నెల తగవులు మాత్రం తప్పలేదట.

అగ్రిమెంటు సంగతి తల్లిదండ్రులు తప్పక అడగాలి. కొన్ని ఇళ్లలో ఓనరు ఒక్కో గదికి ఒక్కో కాగితం రాస్తాడు. కొన్నిచోట్ల ఒకడు అసలు అద్దెదారు, మిగతావాళ్లు అతని కింద. ఇంకొన్నిచోట్ల నలుగురూ ఒకే కాగితం మీద సంతకం చేస్తారు. ఈ మూడోది మన డ్వాక్రా గ్రూపు అప్పులాంటిది. ఒకడు ఎగ్గొడితే మిగతావాళ్ల మెడకు చుట్టుకుంటుంది. అడ్వాన్సు కింద మూడు నెలల అసలు అద్దెకు మించి అడగడానికి చట్టం ఒప్పుకోదు. ఇంట్లో చేరిన రెండు వారాల్లో మున్సిపాలిటీ ఆఫీసులో అడ్రసు రాయించుకోవాలి. దానికి ఓనరు సంతకం చేసిన కాగితం కావాలి. 'అడ్రసు రాయించుకోవద్దు, ఊరికే ఉండు' అనే ఓనరు దగ్గర చేరకపోవడమే మంచిది. తాళంచెవి పోగొట్టుకుంటే కొన్నిచోట్ల మేడ మొత్తానికి తాళాలు మార్పించి ఆ బిల్లు చేతికిస్తారు. అందుకే అక్కడి పిల్లలు దానికీ పనికొచ్చే ఇన్సూరెన్సు కడతారు. పోలీసులకు 110, అంబులెన్సుకు 112. ఈ రెండు నంబర్లూ ఇంటి గోడ మీద రాసిపెట్టుకోండి. మనం ఇక్కణ్నుంచి తిప్పడానికి కాదు, పిల్లకు గుర్తున్నాయో లేదో అడగడానికి.

ఇదంతా నేను విప్పి చెప్తుంటే మా అన్న పలకలేదు. వదినే అందుకుంది. "అవన్నీ సరే మరిదీ. దాని గదికి లోపల గడియ ఉందా?"

తాళం ఉందని చెప్పాను. ఆవిడ తలూపి లోపలికెళ్లిపోయింది.

తర్వాతి ఆదివారం నన్నూ రమ్మన్నారు. పిల్ల ముందు 840 యూరోల సంగతి చెప్పింది. ఏడుస్తూనే చెప్పింది. మా అన్న చాలాసేపు ఫోనుకేసి చూసి, "అయితే లాప్‌టాప్ బాగానే ఉందన్నమాట" అన్నాడు. అంతే. ఆ తర్వాత పాల కుర్రాణ్ని పిలవమన్నాడు. అతనొచ్చి చెయ్యి ఊపాడు. తోటల చదువు కదా, మిర్చికి తెగులొస్తే మీరేం చేస్తారని పిల్ల చేత అడిగించాడు. మా అన్న తామర పురుగు సంగతి ఎత్తుకున్నాడు. 2021లో నల్లతామర వచ్చి తోటలకు తోటలే ఎలా పీకేశామో చెప్పుకొచ్చాడు. పిల్ల జర్మన్‌లోకి మార్చి చెప్పలేక అవస్థపడింది.

ఫోను పెట్టేశాక ఒక ఫొటో వచ్చింది. మేడ కింద వీధి తలుపు పక్కన ఉండే కాలింగ్ బెల్లుల పలక. అక్కడ తలుపు మీద, ఉత్తరాల పెట్టె మీద ఇంటిపేర్లు రాస్తారు. పేరు లేకపోతే పోస్టుమాను ఉత్తరం వెనక్కి పట్టుకుపోతాడు. మూడో అంతస్తు బెల్లు పక్కన నాలుగు ఇంటిపేర్లున్నాయి. రెండు జర్మనులవి, ఒకటి స్పెయిన్ పిల్లది, చివరిది వీళ్లది. మా అన్న ఫోను దగ్గరగా పెట్టుకుని వేళ్లతో పెద్దది చేసి చూశాడు.

"స్పెల్లింగు సరిగ్గానే రాశారే" అన్నాడు.

నరసరావుపేట వాళ్లకు ఈ సంగతి ఎవరు చెప్పాలన్నది ఇంకా తేలలేదు. తానే చెప్తానంటోంది పిల్ల. సంక్రాంతి దాకా ఆగమంటోంది వదిన.